పౌర్ణమి రాత్రి టెలిస్కోపు పెట్టెలో పెట్టకండి

పోయిన నెల ఈ శీర్షికలో జంట నక్షత్రాల గురించి, అంటే కంటికి ఒకటిగా కనిపించి టెలిస్కోపులో రెండుగా విడిపోయేవాటి గురించి ఓ పేరా రాశాను. దానికి వచ్చినన్ని ప్రశ్నలు శనిగ్రహం వలయాల గురించి రాసినప్పుడు కూడా రాలేదు. సెలవులు కదా, పైగా కరెంటు పోతే జనం మేడ ఎక్కే కాలం. అదీ ఒక కారణం కావచ్చు. కొన్నిటికి వివరంగా, కొన్నిటికి ఒక్క ముక్కలో జవాబిస్తున్నాను.

ప్రశ్న: టీచర్ గారూ, మా అబ్బాయి 114 మిల్లీమీటర్ల అద్దం ఉన్న టెలిస్కోపు కొనిపెట్టాడు. నాకు తీరిక దొరికేది శని, ఆదివారాలే. వచ్చే రెండు వారాంతాలూ వెన్నెలే. ‘చీకటి రాత్రులు చూసుకోండి’ అని అందరూ అంటున్నారు. అమావాస్య దాకా ఆగాలా? (కొళత్తూరు, చెన్నై)

జవాబు: ఆగకండి. చీకటి కావలసింది గెలాక్సీలకూ నెబ్యులాలకూ. వాటి వెలుగు పలచగా పరుచుకుని ఉంటుంది కాబట్టి వెన్నెల రాగానే అందులో కలిసిపోతుంది. నక్షత్రానికి ఆ బాధ లేదు. దాని వెలుగంతా ఒక్క చుక్కలోనే ఉంటుంది. పవర్ పెంచేకొద్దీ వెనకనున్న ఆకాశం నల్లబడుతుంది, చుక్క మాత్రం చుక్కలాగే నిలుస్తుంది. అందుకే జంట నక్షత్రాలు చూసేవాళ్ళు వెన్నెలకు భయపడరు.

అసలు మన ఊళ్ళో అమావాస్య పంచాంగంలో ఉందిగానీ ఆకాశంలో ఎక్కడుంది? సప్తర్షుల్లో అత్రి తక్కిన ఆరుగురి కంటే మసక. పెరంబూరులో మా మేడ మీంచి అత్రి మామూలు కంటికి కనిపిస్తే ఆ రాత్రి మాకు మంచి రాత్రి కింద లెక్క. ఇలాంటి ఆకాశం కింద గెలాక్సీల వేటకు వెళ్ళి మెడనొప్పి తెచ్చుకోవడం కంటే, పదిలంగా కనిపించేవాటినే శ్రద్ధగా చూడటం మేలని నా అభిప్రాయం.

మొదలు పెట్టడానికి కోర్ కరోలీ చూడండి. సప్తర్షి మండలం తోక కింద, కాస్త ఎడంగా ఒంటరిగా వెలుగుతుంటుంది. రెండు చుక్కల మధ్య ఎడం సుమారు 19 సెకన్లు. ఇక్కడ సెకనంటే గడియారంలోది కాదు, డిగ్రీలో 3600వ వంతు. నిండు చంద్రుడి అడ్డుకొలత దాదాపు 1800 సెకన్లు, దాన్నిబట్టి ఊహించుకోండి. మీ టెలిస్కోపుతో పాటు వచ్చిన 25 మిల్లీమీటర్ల ఐపీస్ (కన్ను పెట్టి చూసే లెన్స్) చాలు, విడిపోతుంది. ఆ తర్వాత 10 మిల్లీమీటర్ల ఐపీస్ పెట్టుకుని సింహరాశిలో ఆల్జీబాకు వెళ్ళండి. మఖా నక్షత్రానికి కొంచెం పైన ఉంటుంది. ఎడం 5 సెకన్లకు లోపే. రెండూ బంగారు రంగే, ఒకటి కాస్త పెద్దది. మొదటి చూపుకు ఒకే చుక్క, కొంచెం సాగినట్టుంటుంది. కన్ను తీయకండి. ఓ క్షణం గాలి కుదురుకోగానే మధ్యలో సన్నటి నల్లగీత పడుతుంది, మళ్ళీ పోతుంది. ఆ గీతను ఒక్కసారి చూశారంటే ఇక టెలిస్కోపు అటక ఎక్కదు.

ప్రశ్న: వెన్నెల అడ్డం కాదన్నా, చంద్రుడి పక్కనే ఉన్న నక్షత్రాలు కష్టం కదా? ఏ రాత్రి ఎటువైపు చూడాలో ముందే ఎలా తెలుస్తుంది? (తిరువళ్ళిక్కేణి, చెన్నై)

జవాబు: దీనికి యాప్‌లు చాలా ఉన్నాయి. మా ఇంట్లో మాత్రం మావారి పంచాంగమే యాప్. ఉదయం కాఫీతో ఆయన తిథి, నక్షత్రం చదువుతారు, నేను వర్జ్యం వదిలేసి నక్షత్రం మాత్రం వింటాను. చంద్రుడు రోజుకు సుమారు 13 డిగ్రీలు జరుగుతాడు, అంటే రోజుకో నక్షత్రం. పంచాంగంలో ‘ఈ రోజు చిత్త’ అని ఉంటే చంద్రుడు చిత్తా నక్షత్రం దరిదాపుల్లో ఉన్నాడన్నమాట. మన నెలల పేర్లన్నీ దీన్నుంచి వచ్చినవేగా. చైత్ర పౌర్ణమికి చంద్రుడు చిత్త దగ్గర, వైశాఖానికి విశాఖ దగ్గర, మాఘానికి మఖ దగ్గర. చంద్రుడికి కనీసం 30 డిగ్రీలు ఎడంగా చూడాలన్నది నేను పెట్టుకున్న నియమం. చెయ్యి చాచి పిడికిలి పడితే దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు, కాబట్టి మూడు పిడికిళ్ళు.

ఉదాహరణకు కన్యారాశిలో పోరిమా ఉంది. చిత్తకు పిడికిలిన్నర దూరం, అందువల్ల చైత్ర పౌర్ణమికి దాని జోలికి వెళ్ళను. నాలుగైదు రోజులు ఆగితే చంద్రుడు బాగా పొద్దుపోయాక గానీ రాడు, అప్పుడు తీరిగ్గా చూస్తాను. ఆగినందుకు నష్టం లేదు. ఆ రెండు చుక్కలూ వెలుగులో ఇంచుమించు సమానం, 169 ఏళ్ళకోసారి ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతాయి. 2005లో మరీ దగ్గరైపోయి చిన్న టెలిస్కోపులకు ఒకే చుక్కగా కనిపించాయి. అప్పుడు చూసినవాళ్ళకు ఒకటి, ఇప్పుడు చూసేవాళ్ళకు రెండు. ప్రస్తుతం ఎడం 3 సెకన్లు దాటింది. ఆకాశంలో ఏదీ మారదు అనుకునేవాళ్ళకు నేను చూపించేది ఈ జంటనే.

పంచాంగంలోని 27 నక్షత్రాల్లో జంటలు చాలానే ఉన్నాయి. విశాఖలో ఒక నక్షత్రం బైనాక్యులర్స్‌కే రెండుగా విడిపోతుంది. అనూరాధలోని బీటా స్కార్పియై ఏ చిన్న టెలిస్కోపుకైనా లొంగుతుంది. అశ్వినీ నక్షత్రంలో గామా ఏరియెటిస్ అని ఒకటుంది, రెండు చుక్కలూ అచ్చు ఒకేలా తెల్లగా. అశ్వినీ దేవతలు కవలలని చెప్పినవాళ్ళకు టెలిస్కోపు లేదు, అయినా ఎలా కుదిరిందో చూడండి. దాన్ని 1664లో రాబర్ట్ హుక్ ఒక తోకచుక్క వెంట పడుతూ కనిపెట్టాడు. ఇది శీతకాలం సాయంత్రాలకు దాచుకోండి.

జ్యేష్ఠది వేరే కథ. ఆ ఎర్రటి నక్షత్రం పక్కనే ఓ మసక తోడు ఉంది, పెద్దదాని వెలుగులో మామూలుగా కనబడదు. దాన్ని బయటపెట్టింది చంద్రుడే. 1819 ఏప్రిల్‌లో వియన్నాలో బ్యూర్గ్ అనే ఆయన చంద్రుడు జ్యేష్ఠను కప్పి వదలడం చూస్తున్నాడు. చంద్రుడి చాటు నుంచి ముందు ఓ చిన్న చుక్క వచ్చింది, కొన్ని క్షణాలకు అసలు నక్షత్రం భగ్గుమంది. వెన్నెలను తిట్టుకునేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

ప్రశ్న: మా మనవరాలి పెళ్ళిలో పురోహితులు గారు అరుంధతిని చూపించారు. అరుంధతి, వశిష్ఠుడు నిజంగానే జంటా, లేక మనకు అలా కనిపిస్తున్నాయా? (అయనావరం, చెన్నై)

జవాబు: పగటి ముహూర్తమే అయ్యుంటుంది. ఏసీ కల్యాణ మండపం పైకప్పు వైపు వేలు చూపిస్తే నవదంపతులు బుద్ధిగా తలూపడం నేనూ చూశాను. ఏప్రిల్, మే నెలల్లో రాత్రి తొమ్మిదింటికి ఉత్తరం వైపు మేడ ఎక్కండమ్మా, నిజంగానే చూపించవచ్చు.

అవి రెండూ నిజమైన తోడే అని ఇప్పుడు చాలామంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం. మనకు సుమారు 80 కాంతి సంవత్సరాల దూరంలో కలిసి ప్రయాణం చేస్తున్నాయి. మామూలు కంటికి రెండు. టెలిస్కోపు పెడితే వశిష్ఠుడే 14 సెకన్ల ఎడంతో రెండు చుక్కలవుతాడు, అరుంధతి కొంచెం దూరంగా మూడోది. 1617లోనే గెలీలియో శిష్యుడు కాస్టెల్లీ ఇది గమనించి గురువుగారికి రాశాడు. 1889లో హార్వర్డ్‌లో పికరింగ్ ఆ రెండు చుక్కల్లో పెద్దదాని కాంతిని రంగులుగా విడదీస్తే కనిపించే గీతలు జంటలుగా విడిపోవడం చూసి, అది కూడా రెండు నక్షత్రాలేనని తేల్చాడు. తర్వాత రెండోదీ అంతేనని తెలిసింది. 2009లో అరుంధతికీ ఓ చిన్న తోడు దొరికింది. లెక్కేస్తే మొత్తం ఆరు. పురోహితులు గారికి ఈ లెక్క చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం.

ప్రశ్న: మేడమ్, నా దగ్గర 70 మిల్లీమీటర్ల లెన్స్ టెలిస్కోపు ఉంది, ఫోకల్ లెంగ్త్ 700. పెట్టె మీద 525 రెట్లు అని వేశారు. కానీ మిథున రాశిలోని కాస్టర్ నాకు రెండుగా కనిపించడం లేదు, పెద్ద మసక ముద్దలా వస్తోంది. టెలిస్కోపు బాగాలేదా? (గిండి, చెన్నై, ఇంజినీరింగ్ విద్యార్థి)

జవాబు: టెలిస్కోపుదేం తప్పు లేదు బాబూ, పెట్టె మీద అంకెను నమ్మకు. లెన్స్ వ్యాసం మిల్లీమీటర్లలో ఎంతో దానికి రెట్టింపు, అక్కడితో పవర్ ఆపెయ్. నీకు 140 రెట్లు. అది దాటితే ముద్ద పెద్దదవుతుందే తప్ప కొత్తగా ఏదీ కనపడదు. ఎంత దగ్గరి జంటను విడదీయగలదో తెలియాలంటే 116ను లెన్స్ మిల్లీమీటర్లతో భాగించు. దీన్ని డాస్ పరిమితి అంటారు. నీకు సుమారు 1.7 సెకన్లు వస్తుంది. కాస్టర్ జంట ఎడం 5 సెకన్ల పైనే. అంటే నీ లెన్స్‌కు అది సులువైన పని, అడ్డుపడుతున్నది గాలి.

ఇది మన చెన్నైవాళ్ళందరి సమస్య కాబట్టి కాస్త విడమరిచి చెబుతాను. ఏసీ గదిలోంచి తెచ్చి మేడ మీద పెట్టగానే లెన్స్ మీద చెమట పడుతుంది. తుడవకు, గీతలు పడతాయి. ఏసీ లేని గదిలో, వరండాలో ఉంచుకో. చూడబోయే అరగంట ముందు పైకి తీసుకెళ్ళు. రెండోది, కాంక్రీటు. పగలంతా తాగిన ఎండను రాత్రి పదింటిదాకా కక్కుతూనే ఉంటుంది. సాయంత్రం రెండు బకెట్ల నీళ్ళు చల్లితే కొంత నయం, నీళ్ళ లారీ కోసం ఎదురుచూసే వారాల్లో చాపతో సరిపెట్టుకో. పక్కింటి ఏసీ మెషిన్ల మీదుగా ఉన్న నక్షత్రాన్ని అసలు పెట్టుకోకు. కాస్టర్ ఈ నెలలో చీకటి పడేసరికి పడమట బాగా ఎత్తులోనే ఉంటుంది, పది దాటితే మేడల మీదికి దిగిపోతుంది. నువ్వు భోజనం చేసి తాపీగా పైకి వెళ్తున్నావేమో.

ఇక నీళ్ళ మోటరు. మా అపార్ట్‌మెంట్‌లో తొమ్మిదిన్నరకు వాచ్‌మన్ మోటరు వేస్తాడు. మూడంతస్తుల కింద మోటరు, పైన ట్రైపాడ్, అయినా 90 రెట్ల పవర్‌లో చుక్కలు రెండూ ఉన్నట్టుండి రెండు గీతలైపోతాయి. ట్యాంకు నిండాక మళ్ళీ చుక్కలు. ఎవరో మేడ మీద నడిచినా అంతే. ట్రైపాడ్ కాళ్ళ కింద పాత రబ్బరు చెప్పుల ముక్కలు వేసి చూడు.

గాలి ఎలా ఉందో తెలుసుకోవడానికి వెన్నెల రాత్రి ఒక సౌకర్యం ఉంది. ముందు చంద్రుడి అంచు చూడు. ఎండలో తారు రోడ్డు మీద గాలి ఆడినట్టు అంచు ఊగిపోతుంటే ఆ పూట దగ్గరి జంటల జోలికి పోకు, ఎడం ఎక్కువున్నవి చూసుకో. అంచు నిలకడగా, గుంటల గోడలు పదునుగా ఉంటే వెంటనే కాస్టర్‌కు తిప్పు. ఒక విచిత్రం చెబుతాను. వాన వెలిసి ఆకాశం కడిగినట్టున్న రాత్రి నక్షత్రాలు తళతళ మెరుస్తాయి, చూడముచ్చటగా ఉంటుంది. టెలిస్కోపుకు మాత్రం చాలాసార్లు అది చెడ్డ రాత్రి, ఆ మెరుపే గాలి అల్లరి. కాస్త మంచుతెర పట్టి, ఉక్కగా, చుక్కలు కదలకుండా దిగులుగా ఉన్న రాత్రే జంటలు చక్కగా విడిపోతాయి. ఉక్కపోతను పొగిడే అవకాశం ఇంకెక్కడా దొరకదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

కాస్టర్ విడిపోయాక చూసింది నోటుబుక్కులో గీసుకో. రెండూ తెలుపే, ఒకటి కాస్త చిన్నది. 1803లో విలియమ్ హెర్షెల్ ఈ జంటలాంటివాటిని ఏళ్ళ తరబడి కొలిచిన లెక్కలతోనే, నక్షత్రాలు నిజంగా ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్నాయని చూపించాడు. సౌరకుటుంబం బయట కూడా ఆకర్షణ శక్తి పనిచేస్తోందనడానికి అది సాక్ష్యం.

ప్రశ్న: మాది బెంగళూరు. మా ఆకాశం చెన్నై కంటే మెరుగా? దక్షిణ ఆకాశంలోని జంట నక్షత్రం ఆల్ఫా సెంటారీ మాకు కనిపిస్తుందా? (జయనగర్, బెంగళూరు)

జవాబు: మీ ఊరు 900 మీటర్ల పైన ఎత్తులో ఉంది, మా ఉక్క మీకు లేదు. దీపాల విషయంలో మాత్రం మనం మనం ఒకటే. రెండు ఊళ్ళూ 13 డిగ్రీల అక్షాంశం దగ్గరే కాబట్టి ఆల్ఫా సెంటారీ ఇద్దరికీ ఒకే ఎత్తు, దక్షిణాన మహా అయితే 16 డిగ్రీలు. పిడికిలిన్నర. మేలో రాత్రి పదకొండు ప్రాంతాన, జూన్‌లో తొమ్మిదికి దక్షిణం వైపు మేడలు లేని చోటు వెతుక్కోండి. ఢిల్లీవాళ్ళు వాళ్ళ మేడ మీంచి చూడలేరు, ఆ తృప్తి మనకు ఉంది. అంత కిందన ఉన్నందువల్ల చుక్కకు ఒక అంచు ఎరుపు, ఒక అంచు నీలం వస్తుంది, అది గాలి పని. ఈ జంటకు ఒక చుట్టు దాదాపు 80 ఏళ్ళు. 2016 ప్రాంతంలో 4 సెకన్లకు దగ్గరై, ఇప్పుడు మళ్ళీ విడిగా జరుగుతున్నాయి.

అది జంట అని మొదట కనిపెట్టింది మన దగ్గరే. 1689 డిసెంబర్‌లో పుదుచ్చేరిలో రిషో అనే జెస్యూట్ ఫాదరీ తోకచుక్కను చూస్తూ దీన్ని గమనించాడు. హుక్ కూడా అంతే కదా, ఎవరు దేని కోసం బయల్దేరినా దారిలో దొరికేవి ఇవే.

ప్రశ్న: చెన్నైలో పాతకాలంలో అబ్జర్వేటరీ ఉండేదట. అక్కడ జంట నక్షత్రాలు చూశారా? (మైలాపూర్, చెన్నై)

జవాబు: చూడటమేమిటండీ, వాటితో పెద్ద సంచలనమే చేశారు. నుంగంబాక్కంలో 1792లో కట్టిన మద్రాసు అబ్జర్వేటరీకి 19వ శతాబ్దం నడుమ కెప్టెన్ జేకబ్ అధిపతి. భుజంగధారి మండలంలో 70 ఒఫియూకై అనే జంట ఉంది, 88 ఏళ్ళకో చుట్టు. అది లెక్క ప్రకారం ఉండాల్సిన చోట ఉండటం లేదని, కంటికి కనపడని గ్రహమేదో లాగుతున్నట్టుందని 1855లో ఆయన ప్రకటించాడు. వేరే నక్షత్రానికి గ్రహం ఉందని కొలతల ఆధారంగా చెప్పినవాళ్ళలో ఆయన మొదటివరసలో ఉంటాడు. తర్వాత అది నిలబడలేదు, ఆ గ్రహం లేదు. అయినా, మన ఊళ్ళో కూర్చుని అంత చిన్న తేడాను పట్టుకోవాలని చూసిన మనిషి మీద నాకు గౌరవమే. మన వేసవి గాలిలో సెకనులో పదో వంతును కొలవడమంటే ఏమిటో మేడ ఎక్కినవాళ్ళకు తెలుస్తుంది. ఆ జంటను జూన్, జూలై రాత్రుల్లో మనమూ చూడవచ్చు. రెండూ నారింజ ఛాయ. మామూలు కంటికి దొరకడం కష్టం, ముందు బైనాక్యులర్స్‌తో చోటు పట్టుకోండి.

ఆ అబ్జర్వేటరీలో టెలిస్కోపును నిలబెట్టిన రాతి స్తంభం వాతావరణ శాఖ ఆవరణలో ఇప్పటికీ ఉంది. దాని మీద తెలుగు అక్షరాలూ చెక్కారు.

ప్రశ్న: సిరియస్ పక్కన చిన్న నక్షత్రం ఉందంటారు, నాకు ఎప్పుడూ కనపడలేదు. (టి.నగర్, చెన్నై)

జవాబు: చాలామందికి కనపడదు. ఎడం ప్రస్తుతం 11 సెకన్ల దరిదాపుల్లో ఉంది, అంటే ఆల్జీబాకు రెట్టింపు. కానీ వెలుగులో తేడా దాదాపు పది వేల రెట్లు. 5 మాగ్నిట్యూడ్ల (నక్షత్రాల వెలుగు కొలిచే మెట్ల) తేడా అంటే వంద రెట్ల వెలుగు తేడా అని 1856లో స్థిరపరచిన పాగ్సన్, తర్వాత మన మద్రాసు అబ్జర్వేటరీకే వచ్చి 1891లో పోయేదాకా ఇక్కడే పనిచేశాడు. సిరియస్ తోడుకు తేడా 10 మాగ్నిట్యూడ్లు, వందను వందతో హెచ్చవేసుకోండి. 1862లో ఆల్వన్ గ్రాహమ్ క్లార్క్ దాన్ని పట్టుకున్నది 18 అంగుళాలకు పైన ఉన్న కొత్త లెన్స్‌ను పరీక్షిస్తూ. ముందు ఓరియన్ మండలంలోని రైజెల్‌తో సాధన చెయ్యండి, అక్కడ తేడా 500 రెట్లకు లోపే. రెండూ ఇక వచ్చే చలికాలానికే.

ప్రశ్న: ఫోన్‌తో ఫోటో వస్తుందా? (అంబత్తూరు, చెన్నై)

జవాబు: ఎడం ఎక్కువున్న జంటలకు వస్తుంది. ఫోన్ పట్టుకునే క్లాంపు కొనుక్కోండి, చేత్తో పట్టుకుంటే టెన్షనే మిగులుతుంది.

ప్రశ్న: మేడ మీద టెలిస్కోపు పెడితే ఎదురు అపార్ట్‌మెంట్‌వాళ్ళు వాళ్ళ కిటికీల్లోకి చూస్తున్నానని అనుమానపడుతున్నారు. అసోసియేషన్‌లో ఫిర్యాదు కూడా చేశారు. ఏం చెయ్యను? (విరుగంబాక్కం, చెన్నై)

జవాబు: వెన్నెల రాత్రే వాళ్ళను పైకి పిలవండి. చీకటి రాత్రి పిలిస్తే మనవాళ్ళకు కనిపించేది ఏమీ ఉండదు, అనుమానం ఇంకా పెరుగుతుంది. ముందు చంద్రుణ్ణి చూపించండి, పెద్దవాళ్ళు కూడా నోరెళ్ళబెడతారు. తర్వాత టెలిస్కోపులో బొమ్మ తలకిందులుగా వస్తుందని, ఎదురింటి కిటికీ అంత దగ్గరగా ఉంటే దానికి ఫోకస్ కుదరడమే కష్టమని మాటల్లో మాటగా చెప్పండి. ఆ తర్వాత వశిష్ఠుణ్ణి చూపించి, ఎన్ని చుక్కలు కనిపిస్తున్నాయని ఒక్కొక్కరినీ అడగండి. పక్కవాళ్ళు చెప్పింది వినకుండా ఎవరికి వారు చెప్పాలి. మా మేడ మీద ఈ పందెం పెట్టినప్పుడు ఒకాయన అయిదు చుక్కలన్నారు, కళ్ళద్దాలు తుడుచుకోవాల్సి వచ్చింది. పిల్లలకు ఐపీస్ అందదు, ప్లాస్టిక్ స్టూలు ఒకటి వెయ్యండి. ఎక్కేటప్పుడు ఊతానికి ట్రైపాడ్ పట్టుకోవద్దని మాత్రం ముందే చెప్పండి, లేకపోతే ప్రతి పిల్లవాడికీ వశిష్ఠుణ్ణి మళ్ళీ వెతకాల్సి వస్తుంది.